దిండిగల్ ఉంగరం, బెజవాడ బ్యారేజీ, గుంటూరులో దొరకని ఇల్లు

2019 డిసెంబరు 26 నాటి సూర్యగ్రహణం విజయవాడలో పాక్షికమే. సూర్యుడు ఉంగరంలా కనిపించే కంకణాకార గ్రహణం చూడాలంటే కాసరగోడ్, కోయంబత్తూరు, దిండిగల్, తిరుచ్చిల మీదుగా సాగే సన్నని పట్టీలో ఎక్కడో ఒకచోట ఉండాలి. "గ్రహణం రోజు జనం తలుపులేసుకుని ఇంట్లో కూర్చుంటారు. మీరేమో రైలెక్కి దానికి ఎదురెళతారా?" అంది అమ్మ. అయినా వెళ్లాం.

మా బ్యాచ్‌లో కొందరు వయనాడ్ అన్నారు, కొందరు ఊటీ అన్నారు. హనీమూన్‌కైతే నేనూ వాటికే ఓటేసేవాణ్ని. కానీ గ్రహణం ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో. డిసెంబరులో కొండల మీద ఆ వేళకి మంచు విడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. మైదానంలో ఉన్న ఊరు, రైలు దిగగానే నడిచిపోయేంత దగ్గర్లో లాడ్జీలు ఉండాలనుకుని దిండిగల్ ఖాయం చేశాం. వయనాడ్‌కే వెళ్తామని విడిపోయినవాళ్లు మబ్బులు చూసి తిరిగొచ్చారు.

పొద్దున్నే విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. అక్కణ్నుంచి ఎగ్మోర్ స్టేషన్ ఆటోలో దగ్గరే. రాత్రి అక్కడ పాండ్యన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇంకా తెల్లారకముందే దిండిగల్‌లో దించుతుంది. మధ్యలో చెన్నైలో సాయంత్రమంతా ఖాళీ. క్రిస్మస్ రోజు కాబట్టి రైళ్లు కిక్కిరిసి ఉన్నాయి. రిజర్వేషన్ లేకుండా వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు.

బస్టాండు దగ్గర ఓ లాడ్జిలో దిగాం. గది ఫర్వాలేదు, వేడినీళ్లు వచ్చాయి. ఆ లాడ్జి ఎంచుకున్నది మాత్రం మేడ కోసం. ఫోన్లో "టెర్రస్ తాళం ఇస్తాం సార్" అన్నారు. తీరా తెల్లారాక, గ్రహణం వేళ ఎవర్నీ పైకి పంపకూడదని ఓనరు చెప్పాడంటూ వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. మాకొచ్చిన అరకొర తమిళంతో వాదించి లాభం లేకపోయింది. బ్యాగులు గదిలో పడేసి, కోట ఉన్న పెద్ద బండకొండ వైపు నడిచి, దాని కింద ఖాళీ స్థలంలో నిలబడ్డాం. నిజానికి అదే మంచిదైంది. అక్కడ కాలేజీ పిల్లలు చిన్న టెలిస్కోపు పెట్టి సూర్యబింబాన్ని తెల్ల అట్ట మీద పడేస్తున్నారు. అందులోకి ఎవరూ కన్ను పెట్టకుండా ఒకమ్మాయి కాపలా కూడా ఉంది.

ఎనిమిది దాటాక మొదలైంది. సూర్యుణ్ని చంద్రుడు కొరుక్కుంటూ పోతుంటే తొమ్మిదింటికి ఎండ రంగు మారింది. వెలుతురు ఉంది గానీ అందులో కాక లేదు, పెళ్లి షామియానా కింద నిలబడినట్టుంది. పక్కనే వేపచెట్టు కింద నేలంతా నెలవంకలు. ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు చుక్కా సూర్యుడి బొమ్మే. తొమ్మిదిన్నర దాటగానే ఆ నెలవంకలన్నీ ఒక్కసారిగా గాజుల్లా గుండ్రంగా మారాయి. నాకైతే పైన ఉంగరం కన్నా నేల మీది ఆ గాజులే ఎక్కువ నచ్చాయి. మూడు నిమిషాల పాటు మైదానమంతా ఈలలు, కేకలు. చంద్రుడు సూర్యుడి వ్యాసంలో దాదాపు 97 శాతం కప్పినా చీకటి పడలేదు. ఆ మిగిలిన అంచుకే అంత వెలుగు. అందుకే ఉంగరం కనిపించే ఆ మూడు నిమిషాల్లో కూడా గ్రహణం కళ్లద్దాలు తీయకూడదు. ఎక్స్‌రే ఫిల్ములు, పసుపు నీళ్ల పళ్లెంలో నీడ చూడటం, రెండు కూలింగ్ గ్లాసులు కలిపి పెట్టుకోవడం, ఇవేవీ పనికిరావు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న అద్దాలు కొనుక్కోండి, లేదంటే 14వ నంబరు వెల్డింగ్ గ్లాసు.

తిండి సంగతి వేరే చెప్పాలి. గ్రహణం విడిచి శుభ్రం చేసుకునేదాకా హోటళ్లు తెరవరు. దిండిగల్ అయినా బెజవాడ అయినా అంతే. మేం స్టేషన్ బయట టీ తాగి, సిరుమలై అరటిపళ్లు కొనుక్కుని పెట్టుకున్నాం కాబట్టి బతికిపోయాం. మధ్యాహ్నం బిర్యానీ. సన్నటి సీరగ సాంబ బియ్యం, మిరియాల ఘాటు. మన బిర్యానీకి అలవాటుపడిన నోటికి మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది, రెండో ప్లేటు మాత్రం అడిగే తీరతారు.

2020 జూన్ 21 గ్రహణానికి ఉంగరం రాజస్థాన్, హర్యానా, ఉత్తరాఖండ్‌లలో. కరోనా రోజులు కాబట్టి ప్రయాణం మాటే లేదు. విజయవాడలో మా మేడ మీంచే మబ్బుల సందుల్లో చూశాం. కింద వంటింట్లో పిన్ని ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి వీడియో తీస్తోంది. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది పిన్నీ అంటే, "మరి మిగతా రోజుల్లో నువ్వెందుకు నిలబెట్టలేదు?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

2022 అక్టోబరు 25ది ఇంకో రకం. దీపావళి మర్నాడు సాయంత్రం ఐదు దాటాక మొదలై, గ్రహణం పట్టిన సూర్యుడే అస్తమించాడు. దానికి పడమర దిక్కు తెరిచి ఉన్న చోటు కావాలి. ప్రకాశం బ్యారేజీకి పోయాం. ఆ నెలలో సూర్యుడు ఎడమకి జరిగి ఉండవల్లి కొండల వైపు దిగుతాడు. అంటే పంచాంగంలో రాసిన అస్తమయానికి ముందే కొండ వెనక్కి జారిపోతాడు. దానికి తోడు ముందు రాత్రి కాల్చిన టపాసుల పొగ. కనిపించింది కాసేపే. పైగా బ్యారేజీ మీద నిలబడనివ్వరు, వెనక బండ్లు హారన్లు కొడుతూనే ఉంటాయి. దుర్గమ్మ గుడి మూసేశారు. ఘాట్ల దగ్గర మాత్రం విడుపు స్నానానికి జనం బాగానే వచ్చారు. ఇలాంటి సాయంత్రం గ్రహణానికి కొండవీడు కోట బాగుంటుందని నా లెక్క. ఘాట్ రోడ్డు ఉంది, పైనుంచి చూపు దూరం పోతుంది. సూర్యలంక, మంగినపూడి బీచ్‌లు ఇందుకు పనికిరావు, సముద్రం తూర్పున ఉంది.

ఇన్ని ఊళ్లు తిరిగాక గుంటూరు గురించి రాయకపోతే తప్పు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం మన మీదుగానే పోయింది. గుంటూరులో ఐదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మాయమయ్యాడు. ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్, బ్రిటిష్ వాళ్ల తరఫున టెనెంట్, ఇద్దరూ గుంటూరులోనే మకాం వేశారు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. జాన్సెన్ బస ఊళ్లో ఉన్న ఒక ఫ్రెంచ్ వ్యాపారి మేడ మీద. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటం, అంటే ఆ వెలుగు విడిపోయి ఏర్పడే రంగుల గీతలు, ఆయనకి ఎంత కాంతివంతంగా కనిపించిందంటే, గ్రహణం లేకపోయినా దీన్ని చూడొచ్చని తోచింది. మర్నాడు పొద్దున గుంటూరులోనే చూసి తేల్చుకున్నాడు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ అనే ఖగోళ శాస్త్రవేత్త అదే పని విడిగా చేశాడు. ఆ వర్ణపటంలోని పసుపు గీత సోడియంది కాదని, కొత్త మూలకానిదని తేలి దానికి హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద ఆ వాయువు రామ్సే అనే రసాయన శాస్త్రవేత్తకి చిక్కింది 1895లో. కాబట్టి "హీలియం గుంటూరులో కనిపెట్టారు" అని మనవాళ్లు చెప్పుకునేది పూర్తి నిజం కాదు, అలాగని ఉత్త గొప్పా కాదు. జాన్సెన్ మనిషి ఎలాంటివాడంటే, 1870లో శత్రుసేనల ముట్టడిలో ఉన్న పారిస్ నుంచి బెలూన్‌లో తప్పించుకుని గ్రహణం కోసం అల్జీరియా వెళ్లాడు. అక్కడ మబ్బు పట్టింది.

ఆ ఫ్రెంచ్ వ్యాపారి ఇల్లెక్కడో చూద్దామని ఒక ఆదివారం పాత గుంటూరంతా తిరిగాం. పెద్దవాళ్లని అడిగితే ఏదో విన్నామన్నారే గానీ చోటు చూపించినవాళ్లు లేరు. ఒక మాస్టారు మాత్రం కథంతా తేదీలతో సహా చెప్పి, "బోర్డైనా లేదు నాయనా" అన్నారు. బయటి ఊరి నుంచి దీనికోసమే వస్తానంటే నేను వద్దంటాను. పని మీద గుంటూరు వచ్చినవాళ్లు మాత్రం మెస్సులో భోజనం చేసి, ఓ గంట పాత వీధుల్లో తిరిగితే బాగుంటుంది. బెజవాడ నుంచి బస్సులు ఎప్పుడూ ఉంటాయి.

ఇక ముందున్నవి. 2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్ దగ్గర సంపూర్ణ గ్రహణం ఆరు నిమిషాలకు పైగా ఉంటుంది. ఆగస్టులో అక్కడ మబ్బుల బెడద దాదాపు లేదు, ఎండతోనే తంటా. విమానం ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్. అదే సాయంత్రం మనకి పాక్షికంగా కనిపిస్తుంది గానీ వానాకాలం, నమ్మలేం. 2031 మే 21ది మాత్రం చేతిలో పని. కొచ్చి, మదురై వైపు కంకణాకార గ్రహణం, దిండిగల్ కన్నా ఎక్కువసేపు. మధ్యాహ్నం కాబట్టి సూర్యుడు నడినెత్తి మీద ఉంటాడు. మెడ పట్టేయకుండా పడుకుని చూడటానికి చాప, మే నెల ఎండకి గొడుగు, నీళ్లు తప్పనిసరి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అదే పద్ధతి ఉంటే మార్చి మూడో వారంలో టికెట్ల కోసం కూర్చోవాలి.