అదే బోటులో రావాలా, ఇంకో బోటు కోసం ఆగాలా?

ఇంజిన్ మీద అనుమానమొస్తే ఇంకో బోటు వచ్చేదాకా ఆగమంటాడు కళింగపట్నంలో మా చిన్నాన్న. 2024 ఆగస్టులో నాసా ముందున్నదీ ఇదే ప్రశ్న: అంతరిక్ష కేంద్రానికి (స్టేషన్) వెళ్లిన వ్యోమగాములు సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్‌లను, వాళ్లు వెళ్లిన బోయింగ్ నౌక స్టార్‌లైనర్‌లోనే దించాలా, స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్ కోసం ఆపాలా?

కాలం: స్టార్‌లైనర్ అయితే రోజులు. డ్రాగన్ అయితే నెలలు. నాసా ఆగమనడంతో, సుమారు 8 రోజులనుకున్న ప్రయాణం 286 రోజులైంది.

శ్రమ: స్టార్‌లైనర్ సిద్ధంగానే ఉంది. డ్రాగన్ అయితే, అందులో వెళ్లాల్సిన ఇద్దరు వ్యోమగాములను ఆపేసి, వీళ్ల కోసం ఆ సీట్లు ఖాళీగా ఉంచాలి.

రిస్క్: స్టార్‌లైనర్‌లో హీలియం లీకులు, వెళ్లేటప్పుడే మొరాయించిన థ్రస్టర్లు (నౌకను అటూ ఇటూ తిప్పే చిన్న ఇంజిన్లు). దిగేటప్పుడు ఎలా ఉంటాయో కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు లేరు. సెప్టెంబరులో అది ఖాళీగా క్షేమంగానే దిగింది. అయినా ఆగమన్న నిర్ణయం సరైనదే అంటాను. ఆ రోజు చేతిలో ఉన్నది అనుమానమే కదా.

స్టేషన్‌లో తిండి, గాలి ఉండి, లోపం అంతుపట్టకపోతే ఆగడమే మేలు. స్టేషన్‌లోనే మంటలు రేగితే మాత్రం అనుమానమున్న బోటైనా ఎక్కాల్సిందే.