సోమశిల పడవ ప్రయాణం: జలాశయం మట్టం తెలుసుకొని వెళ్లవలసిన యాత్ర

కోనసీమ లంకలూ దివిసీమ రేవులూ చూడాలంటే పాలమూరు వారికి రాత్రి ప్రయాణం తప్పదు. ఉదయం బయలుదేరి, తీరికగా నీటి మీద తిరిగి, చీకటి పడేసరికి ఇల్లు చేరాలనుకొనేవారికి కొల్లాపూర్‌కు ఆవల కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల చాలా అనువైన చోటు. శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు ఇక్కడ నల్లమల కొండల పాదాల దాకా పరుచుకొని ఉంటాయి.

రేవులో మేము ఒక ఇంజన్ బోటును మాట్లాడుకున్నాము. బేరం గంటల లెక్కన కుదుర్చుకోవాలే తప్ప, "సంగమేశ్వరం చూపిస్తాం" అన్న మాట మీద కుదుర్చుకోకూడదు. ఎందుకంటే నంద్యాల జిల్లా వైపున్న ఆ ఆలయం జలాశయం నిండినంత కాలం నీటి అడుగునే ఉంటుంది. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పుకొనే వేపదారు లింగాన్ని చూడాలంటే వేసవిలో మట్టం బాగా తగ్గేదాకా ఆగవలసిందే. పూర్తి మట్టం 885 అడుగులు. పత్రికల్లో రోజూ వచ్చే ఆనాటి మట్టాన్ని దానితో పోల్చి చూసి బయలుదేరితే ఏది కనబడుతుందో, ఏది కనబడదో ముందే తెలిసిపోతుంది. నా మట్టుకు నాకు నిండు నీరే ఇష్టం.

ఒడ్డు వెంబడి నెమ్మదిగా పోనిమ్మని అడిగితే సరంగు అభ్యంతరం చెప్పలేదు. ఈ ప్రయాణంలో అసలు చూడవలసింది ఆ ఒడ్డే. ఒక చోట బోర్లించిన పుట్టికి తారు పూస్తున్నారు. మరొక చోట ఒక పెద్దాయన వల కొసను కాలి బొటనవేలికి తగిలించుకొని, చిరిగిన వల కళ్లను నైలాన్ దారంతో ఒక్కొక్కటిగా ముడివేస్తున్నాడు. పక్కనే పాత వల మీద చిన్న చేపలు ఎండుతున్నాయి. ఇంజన్ ఆపించి అక్కడ కాసేపు ఆగాము. అందుకు అదనంగా ఏమీ అడగలేదు.

లోపం లైఫ్ జాకెట్ల దగ్గరే. అవి బోటులో ఉన్నాయి గాని ఒక మూల మూటకట్టి పడవేశారు. అడిగితే గాని ఇవ్వలేదు, ఇచ్చిన వాటిలో కొన్నింటికి బకిల్స్ విరిగి ఉన్నాయి. 2007లో మంచాలకట్ట దగ్గర ఇదే నీటిలో పడవ మునిగి ఎందరో చనిపోయిన ప్రాంతమిది. అందరూ జాకెట్లు తొడుక్కొన్నాకే బోటు కదపాలని గట్టిగా చెప్పవలసిన బాధ్యత మనదీ.

భోజనం సంగతి బోటెక్కకముందే చెప్పి వెళ్లాలి. రవ్వ చేపను మా ఎదుటే తూచి, కత్తిపీట మీద ముక్కలు కోసి, మేము తిరిగి వచ్చేసరికి పులుసు సిద్ధంగా ఉంచారు. చింతపండు చిక్కగా, మెంతిపొడి ఘాటుగా ఉన్న ఆ పులుసుకు అన్నం కన్న జొన్నరొట్టె బాగా కుదిరింది. వేపుడు మాత్రం కారం తప్ప మరేమీ లేనిది. మళ్లీ వెళితే అడగను.

ముంపు కారణంగా ఎగువకు తరలించి కట్టిన లలితా సోమేశ్వరాలయం ఊళ్లోనే ఉంది. తిరుగు ప్రయాణం పెబ్బేరు మీదుగా అయితే, అదే ముంపు నుంచి తప్పించిన జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయమూ దారిలోనే పడుతుంది. వెంట వృద్ధులుంటే ఎండాకాలం వద్దు: నీరు వెనక్కి పోయినప్పుడు రేవు నుంచి బోటు దాకా బురదలో నడవవలసి వస్తుంది.