నేల మీద వెంట్రుక లేదు, నా తుమ్ములు మాత్రం ఉన్నాయి: మినియేచర్ ష్నాజర్‌తో ఆరేళ్ళు

మొదట నా ముక్కు సంగతి చెప్పాలి. పదో తరగతి నుంచీ పొద్దున్న లేవగానే పది పదిహేను తుమ్ములు, కళ్ళ దురద, చలికాలం వస్తే రాత్రిళ్ళు పిల్లికూతలు. చేసేది బ్యాంకు ఉద్యోగం. రికార్డు రూములో పాత ఫైలు ఒకటి కదిపితే ఆ పూట నా పని అయిపోయినట్టే. జేబులో సెట్రిజిన్ బిళ్ళ లేకుండా గడప దాటను. అలాంటివాణ్ణి 2019 సంక్రాంతికి ముందు 45 వేలు పోసి మినియేచర్ ష్నాజర్ అనే జాతి కుక్కపిల్లను విజయనగరం తెచ్చుకున్నాను.

అమ్మినాయన మూడు మాటలు చెప్పాడు. "సార్, ఇది వైర్ హెయిర్. బొచ్చు రాలదు. ఎలర్జీ రాదు." వైర్ హెయిర్ అంటే తీగలాంటి బిరుసు వెంట్రుక. మొదటి రెండూ నిజమే. మూడోది ఆయన సొంత కవిత్వం. ఆ తేడా నాకు తెలిసొచ్చేసరికి చాలా నెలలు పట్టింది, ఈలోగా కుక్క మా ఇంటిది అయిపోయింది.

ఈ జాతి గురించి తెలియనివాళ్ళకు కొంచెం. జర్మనీలో పొలాల దగ్గర ఎలుకలు పట్టడానికి పెంచిన కుక్క. వాళ్ళ భాషలో ష్నౌట్సె అంటే మూతి, దాన్నిబట్టే ఈ పేరు. మోకాలి ఎత్తు కూడా ఉండదు, మాది ఏడున్నర కిలోలు. పైన బిరుసు వెంట్రుక, దాని కింద మెత్తటి బొచ్చు, గుబురు కనుబొమలు, గెడ్డం. నలుపు తెలుపు కలిసిన ఆ రంగు చూసి మా ఆవిడ చిమ్మిలి అని పేరు పెట్టింది. సాయంత్రం పెద్దచెరువు గట్టు మీద నడిపిస్తుంటే ఒక పిల్లాడు వాళ్ళమ్మని అడిగాడు, "అమ్మా, మేకపిల్లకి గొలుసేటే?" అని.

మొదటి మూడు నెలలూ స్వర్గం. గచ్చు మీద వెంట్రుక లేదు, నా నల్ల ప్యాంటు మీద లేదు. తోటి ఉద్యోగి ఇంట్లో లాబ్రడార్ ఉంది, వాళ్ళ సోఫాలో కూర్చుని లేస్తే వెనక బొచ్చు అంటుకుని వచ్చేది. అది తలుచుకుని నేను చాలా తెలివైనవాణ్ణని అనుకున్నాను. నాలుగో నెల నుంచి ముక్కు మొదలైంది. అప్పుడు కూడా కుక్క మీద అనుమానం రాలేదు. నేల శుభ్రంగా ఉంది కదా!

అక్కడే ఉంది అసలు మోసం. ఎలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే సన్నటి పొట్టులో, మూత్రంలో ఉండే ప్రొటీన్లు. వాటిలో ముఖ్యమైనదాన్ని క్యాన్ ఎఫ్ 1 అంటారు. అది కంటికి కనిపించదు, చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది, గంటల తరబడి తేలుతుంది. బొచ్చు రాలే కుక్క ఇంట్లో ఉంటే కనీసం కళ్ళతో చూసి జాగ్రత్తపడతాం. రాలని కుక్క ఆ హెచ్చరిక ఇవ్వదు. నేను నమ్మకంగా దాన్ని మంచం ఎక్కించుకున్నాను.

తరవాత చదివితే తెలిసింది. 2011లో అమెరికాలోని డెట్రాయిట్ వైద్యులు ఇళ్ళలో దుమ్ము తీసి పరీక్షిస్తే, ఎలర్జీ రానివిగా పేరున్న జాతుల ఇళ్ళకీ మామూలు కుక్కల ఇళ్ళకీ తేడా కనిపించలేదు. 2012లో నెదర్లాండ్స్‌వాళ్ళు కుక్కల బొచ్చునే పరీక్షించారు. మా చిమ్మిలిలాగే బిరుసు వెంట్రుక ఉండే ఎయిర్‌డేల్ టెరియర్ కూడా అందులో ఉంది. ఆ "మంచి" జాతుల బొచ్చులోనే క్యాన్ ఎఫ్ 1 ఎక్కువ ఉందని తేలింది. గాల్లో చూస్తే తేడా లేదు. ఇవి రెండూ నేను కుక్కను కొనకముందే అచ్చయినవి. అమ్మినాయన చదవలేదు సరే, నేనైనా చదవాలి కదా.

ఆ ఏడాది వానాకాలంలో విశాఖ వెళ్ళి చర్మపరీక్ష చేయించుకున్నాను. వారం ముందు సెట్రిజిన్ ఆపమన్నారు, ఆ వారం మాత్రం నరకం. చేతి మీద ఎలర్జీ తెచ్చేవాటి చుక్కలు వరసగా పెట్టి గుచ్చితే రెండుచోట్ల బాగా ఉబ్బింది. ఒకటి కుక్క. దానికంటే పెద్దది ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్ అనే సన్నటి పురుగు. డాక్టరుగారు కుక్క మాట ఎత్తకుండా, "మీ పరుపు వయసెంతండీ?" అని అడిగారు. మాది పెళ్ళినాటి బూరుగుదూది పరుపు, పద్నాలుగేళ్ళది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ, ఆ పురుగులకి అంతకంటే ఏం కావాలి. పరుపు మార్చి, కొత్తదానికి జిప్పు కవరు వేసి, దుప్పట్లు వారం వారం వేడినీళ్ళలో ఉతికిస్తే సగం తుమ్ములు తగ్గాయి. అంటే అన్నాళ్ళూ సగం నింద కుక్క ఉత్తపుణ్యానికి మోసిందన్నమాట. మిగిలిన సగం దానిదే.

ఇప్పుడు వైర్ హెయిర్‌కే ప్రత్యేకమైన రెండు చిక్కులు. ఇవి నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

మొదటిది, చచ్చిన వెంట్రుక రాలదు గానీ వంటినే పట్టుకుని ఉంటుంది, దాని మొదట్లో పొట్టు పేరుకుంటుంది. దాన్ని చేత్తో పీకాలి. హ్యాండ్ స్ట్రిప్పింగ్ అంటారు. ముదిరిన వెంట్రుక కాబట్టి సరిగ్గా చేస్తే నొప్పి ఉండదు. కత్తిరిస్తే మాత్రం బిరుసు పోయి మెత్తబడుతుంది, రంగు వెలిసిపోతుంది. ఇది తెలియక ఒకసారి 60 కిలోమీటర్లు తీసుకెళ్ళి ఒక షాపులో మెషీన్ పెట్టించాను. ఉప్పు మిరియం రంగులో ఉన్న కుక్క బూడిద రంగు దూదిపింజెలా ఇంటికొచ్చింది. తిరిగి బిరుసు రావడానికి ఏడాది పైనే పట్టింది. ఆ తరవాత వీడియోలు చూసి నేనే పీకడం నేర్చుకున్నాను. వేళ్ళు జారకుండా రబ్బరు తొడుగులు వేసుకోమన్నారు. క్యాషు కౌంటర్లో నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలికి పెట్టుకునే రబ్బరు టోపీలు అచ్చంగా సరిపోయాయి! డాబా మీద కూర్చుని గంటసేపు పీకాను. ఆ రాత్రి ఇన్‌హేలర్ రెండుసార్లు తీసుకోవలసి వచ్చింది. ఆరు నెలల పొట్టంతా ఒక్క పూట నా మొహం ముందు లేపుకున్నాను మరి. అప్పట్నుంచి ఆ పని మా ఆవిడది. మూడు వారాలకోసారి కొంచెం కొంచెంగా, డాబా మీదే. నేను కింద. ఆ రబ్బరు టోపీలు మాత్రం నావే.

రెండోది గెడ్డం. ఈ బిరుసు జాతుల్లో గెడ్డం, కనుబొమలు ఇచ్చే జన్యు మార్పు ఒకటుంది, 2009లో కనుక్కున్నారు. వెంట్రుక తక్కువ రాలడానికి కూడా దానితో సంబంధం ఉంది. అంటే మనం డబ్బు పోసి కొనే గుణమూ, ఆ గెడ్డమూ ఒక్క మూటలోవే. గెడ్డమంటే తడి స్పాంజి. నీళ్ళు తాగి వచ్చి నా ఒళ్ళో మూతి పెట్టిందంటే లాలాజలం కలిసిన నీళ్ళు ధారగా కారతాయి. అది తగిలినచోట నాకు పది నిమిషాల్లో దద్దుర్లు. నీళ్ళ గిన్నె పక్కన పాత తువ్వాలు పెట్టాం. తాగగానే తుడవాలి, రోజుకి ఆరేడుసార్లు. ఆరేళ్ళ తరవాత ఇప్పుడది నీళ్ళు తాగి తనంతట తనే తువ్వాలు దగ్గరికెళ్ళి నిలబడుతుంది. ఇది నేను గొప్పగా చెప్పుకునే విషయం, క్షమించాలి.

మర్చిపోలేని రాత్రి 2021 సెప్టెంబరు 26. గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది, ఇక్కడ మాకు ఒకటే హోరు. కరెంటు లేదు, కిటికీలు బిగించేశాం. ఉరుములకి వణుకుతున్న కుక్కను పడకగదిలోకి రానిచ్చాం. తెల్లారేసరికి నా ఛాతీ బిగిసిపోయింది. తలుపులు మూసిన గది, తడి కుక్క, ఆడని ఫ్యాను, ఈ మూడూ కలిస్తే ఏ జాతి అన్నది లెక్కలోకి రాదని అప్పుడు తెలిసింది.

ఆ తరవాత పడకగది గడప దానికి లక్ష్మణరేఖ. హాల్లో చీపురు మానేసి తడిగుడ్డ. ఫ్యాను రెక్కలు పదిహేను రోజులకోసారి. పడకగదిలో సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్ ఒకటి. స్నానం వారానికి రెండుసార్లు చేయిస్తే కుక్క ఒంటి మీద ఎలర్జీ ప్రొటీన్లు తగ్గుతాయని, ఆపితే కొద్దిరోజుల్లోనే మళ్ళీ పెరుగుతాయని ఒక పరిశోధనలో ఉంది. మేం ఆదివారం స్నానం, బుధవారం తడితువ్వాలుతో సరిపెడుతున్నాం. అంతకుమించి తోమితే దాని చర్మం ఎండిపోతోంది. ముక్కు స్ప్రే రోజూ కొట్టుకుంటాను. మందు మానేశానని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

మా అమ్మది గజపతినగరం దగ్గర పల్లె. అక్కడ మా చిన్నప్పుడు ఒక ఊరకుక్క ఉండేది, బొచ్చు బాగా రాల్చేది. దానితో పొద్దంతా ఆడినా నాకేమీ అయ్యేది కాదు. అమ్మ ఒకటే మాట, "ఒరే, అది పెరట్లో ఉండేది. నువ్వు దీన్ని మంచమ్మీద పడుకోబెట్టీసి ముక్కు కారతందంటే ఏటి సెప్పాలి?" డబ్బు పోసి జాతి కుక్కను కొనకముందు ఈ మాట విని ఉంటే బాగుండేది.

ఇక మగా ఆడా అని చాలామంది అడుగుతారు. క్యాన్ ఎఫ్ 5 అనే ఇంకో ప్రొటీన్ మగకుక్కల ప్రొస్టేట్ గ్రంథిలో తయారవుతుంది. కొందరికి పడనిది అదొక్కటే, అలాంటివాళ్ళకి ఆడకుక్క ఇబ్బంది పెట్టకపోవచ్చు. రక్తపరీక్షలో ఏది పడదో విడివిడిగా తెలుస్తుంది. మా చిమ్మిలి ఆడదే, కానీ నాకు పడనిది క్యాన్ ఎఫ్ 1. ఆ పరీక్ష ఖర్చు కుక్క ఖరీదులో చిన్న ముక్క. కొనేముందే చేయించుకోవాల్సింది.

మిగతావి గబగబా. తెలివిగలది, కావలికి గట్టిది, గేటు దగ్గర పాలవాడి మీద అరవని రోజు లేదు. మే నెలలో బాత్‌రూము గచ్చు వదిలి రాదు, నడక పొద్దున్న ఆరు లోపే. కాళ్ళ గుబురులో పిడుదులు దాక్కుంటాయి, వేళ్ళతో వెతకాలి. కొవ్వు దీని ఒంటికి అస్సలు పడదు, ఈ జాతిలో రక్తంలో కొవ్వు పెరగడం, పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాపు ఎక్కువ. అమ్మ ప్రేమగా పెట్టిన నేతి అరిసె ఒకటి మూడు రోజులు సెలైన్ ఎక్కించింది.

నాలా తుమ్ములూ దద్దుర్లూ ఉన్నవాళ్ళకి, ఇంట్లో ఎలర్జీ లేని మనిషి ఒకరు పీకుడూ స్నానమూ భరిస్తామంటే, ఇది కుదురుతుంది. ఉబ్బసం గట్టిగా ఉన్నవాళ్ళకి నేను ఏ కుక్కనీ సిఫార్సు చేయను, వైర్ హెయిర్ అయినా సరే. ఒంటరిగా ఉండే ఎలర్జీ మనిషికి అయితే ఈ జాతి ఇంకా కష్టం, స్ట్రిప్పింగ్ ఎవరు చేస్తారు? నన్నడిగితే ఈ జాతికి అయిదుకి మూడు మార్కులు. ఆ మూడూ కుక్క గుణానికి, ఎలర్జీ ఖాతాలో ఒక్కటీ లేదు.

శ్రీకాకుళం బ్రాంచిలో పనిచేసే మిత్రుడొకాయన ఇదే జాతి కొంటానంటున్నారు. ఆయనకీ నా బాపతు ముక్కే. అమ్మేవాళ్ళ వరండాలో నేను గడిపిన 20 నిమిషాలు ఏమీ చెప్పలేదు కాబట్టి, ముందు డాక్టరుని అడిగి, మూడు ఆదివారాలు మా హాల్లో కిటికీలు వేసుకుని రెండేసి గంటలు కూర్చోమన్నాను. మొదటి ఆదివారం ఆయన తుమ్మలేదు, సోమవారం ఫోన్ చేసి కళ్ళు దురద అన్నారు. ఎల్లుండి రెండో ఆదివారం. ఈసారి గెడ్డం తుడవకుండా ఆయన ఒళ్ళోకి వదులుతాను.