పాత ఏసీని మాటతో నడిపించే ఐఆర్ బ్లాస్టర్

విజయవాడ ఎండలకు పగలంతా ఏసీ నడిచే మా మొగల్రాజపురం ఇంట్లో, వైఫై లేని పాత స్ప్లిట్ ఏసీ కోసం కొన్న ఈ ఐఆర్ బ్లాస్టర్, అంటే రిమోట్‌లాగే పరారుణ సంకేతాలు పంపే చిన్న పరికరం, నాకు ఎంతో నచ్చింది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు ఇప్పుడు మంచం దిగకుండానే "అలెక్సా, సెట్ ఏసీ టు ట్వంటీఫోర్" అంటున్నారు.

అమర్చేటప్పుడు ఇది 5 గిగాహెర్ట్జ్ వైఫైని గుర్తించదు కాబట్టి, రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి కలపవలసి వచ్చింది. ఆ తర్వాత యాప్‌లో ఏసీ కంపెనీని ఎంచుకొని, ఏసీ బీప్‌మనేవరకు ఒక్కో రిమోట్ కోడ్‌ను పరీక్షించి, చివరగా అలెక్సా ఖాతాకు జోడించాలి. పరారుణ కిరణాలు గోడను, బీరువాను దాటలేవు గనుక పరికరం ఏసీకి ఎదురుగానే ఉండాలి.

అసలు లోపం ఏమిటంటే, సంకేతాన్ని పంపడమే తప్ప ఏసీ స్థితిని ఇది తెలుసుకోలేదు; మామూలు రిమోట్‌తో ఆపేసినా యాప్‌లో నడుస్తున్నట్లే కనిపిస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ తేరుకునేదాకా మాట పనిచేయదు కనుక, పాత రిమోట్‌ను అమ్మగారి దిండు పక్కనే ఉంచుతున్నాం.