బోసొలెయ్ జాడ కోసం: హాలిఫాక్స్ నుంచి బాయూ టెష్ దాకా

మా కోడలు పుట్టి పెరిగింది అమెరికాలో, లూసియానా రాష్ట్రంలోని లఫాయెట్‌లో. వాళ్ల అమ్మగారి పుట్టింటివాళ్లు బ్రూసార్డ్‌లు. "మనది బోసొలెయ్ వంశం" అని వాళ్ల అమ్మమ్మ ఎప్పుడూ అనేదట. ఆ మాటని కాగితం మీద చూడాలని మా కోడలి కోరిక. నేను ముప్పై ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత దస్తావేజులు తిరగేసినవాణ్ణి. అందుకే "మామయ్యా, ఈసారి మీరు కూడా రావాలి" అంది. కొడుకు, కోడలు, మా ఆవిడ, నేను నలుగురం జూలైలో బయల్దేరాం.

ముందు కథ కొంచెం తెలియాలి. ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియాలో 17వ శతాబ్దంలో స్థిరపడిన ఫ్రెంచి రైతులే అకేడియన్లు. 1713లో ఆ నేల బ్రిటిష్‌వాళ్ల చేతికి వెళ్లింది. అవసరమైతే మీ తరఫున యుద్ధం కూడా చేస్తామని షరతుల్లేకుండా ప్రమాణం చేయమంటే ఈ రైతులు ఒప్పుకోలేదు. దాంతో 1755 నుంచి 1763 దాకా దాదాపు పదివేల మందిని ఊళ్ల నుంచి తరిమేశారు. జోసెఫ్ బ్రూసార్డ్‌ని అందరూ బోసొలెయ్ అని పిలిచేవారు. ఆయన 1702లో పోర్ట్ రాయల్‌లో పుట్టాడు. పెటికోడియాక్ నది ఒడ్డున ఉంటూ బ్రిటిష్ సైన్యంతో పోరాడి, లొంగిపోయి, ఖైదులో ఉండి, చివరికి 1765 ఫిబ్రవరిలో తనవాళ్లతో న్యూ ఆర్లీన్స్ చేరాడు.

విమానం టికెట్లు కొనకముందే చేయాల్సిన పని ఒకటుంది. మేం మొదట డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో ఒక సంస్థ నుంచి వంశవృక్షం తీసుకున్నాం. అందులో ఒకే పేరున్న తండ్రీ కొడుకుల్ని ఒక్క మనిషిగా కలిపేశారు. రెండు నెలలు దాన్నే నమ్ముకుని తప్పుదారిలో వెళ్లాం. ఆఫీసులో మేం ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: ఎవరో రాసిచ్చిన నకలు కాదు, అసలు వాల్యూమ్ చూడు. ఆ ప్రకారమే బతికున్నవాళ్ల దగ్గర మొదలుపెట్టి, లూసియానా చర్చి పుస్తకాల్లోని బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, మరణాలు చూసుకుంటూ ఒక్కో తరం వెనక్కి వెళ్లాం. పైసా ఖర్చు లేకుండా ఎక్కువగా ఉపయోగపడినవి నోవా స్కోషియా ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో పెట్టిన, పోర్ట్ రాయల్‌లోని సెయింట్ జాన్ బాప్టిస్ట్ చర్చి రిజిస్టర్లు. 1702 నుంచి 1755 వరకు ప్రతి పేజీ ఫొటోతో ఉంది. పేరు కొట్టి వెతకొచ్చు. 1725 సెప్టెంబర్ 11న జోసెఫ్‌కి, ఆన్యెస్ తిబొడోకి జరిగిన పెళ్లిని మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుని చూశాం.

ఆ రిజిస్టర్లు చదివేకొద్దీ నాకు ముచ్చటేసింది. పెళ్లయినా ఆడవాళ్లని పుట్టింటి పేరుతోనే రాశారు. అందుకే తల్లి వైపు వెతకడం మన రికార్డుల్లో కంటే అక్కడే తేలిక. బాప్తిస్మంలో పిల్లకి జ్ఞాన తల్లిదండ్రులు ఎవరో రాసి ఉంటుంది. చాలాసార్లు వాళ్లు మేనత్తలో, పిన్నులో, బాబాయిలో అవుతారు. వధూవరులు దగ్గర చుట్టాలైతే ఎన్నో తరంలో కలుస్తారో చెప్పి, చర్చి అనుమతి ఇచ్చినట్టు రాస్తారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుంటే ముత్తాతల దాకా లాగొచ్చు. మేనరికాల దేశం నుంచి వెళ్లిన నాకు ఆ లెక్క వెంటనే అర్థమైంది. ఇక బోసొలెయ్ లాంటివి ఇంటిపేరు పక్కన చేరే వాడుక పేర్లు. ఒక్కో కాగితంలో ఒక్కోటి ఉంటుంది కాబట్టి రెండింటితోనూ వెతకాలి.

నోవా స్కోషియా రాజధాని హాలిఫాక్స్‌లో డౌన్‌టౌన్ హోటల్లో దిగడం మా పొరపాటు. బుక్ చేసినప్పటి రేటుకి పన్నులు, పార్కింగ్ కలిసేసరికి ఖర్చు బాగా పెరిగింది. గదిలో కెటిల్ కూడా పనిచేయలేదు. కారుంటే ఊరి అంచున కిచెన్ ఉన్న గది తీసుకోండి. యూనివర్సిటీ అవెన్యూలోని ఆర్కైవ్స్‌లో సిబ్బంది మాత్రం ఎంతో ఓపికగా సాయం చేశారు. పనిరోజుల్లోనే వెళ్లండి, సగం రోజు పూర్తిగా దానికే పెట్టుకోండి. హార్బర్ మధ్యలో ఉన్న జార్జెస్ ఐలాండ్‌కి వేసవిలో పడవలు నడుస్తాయి. అకేడియన్ ఖైదీల్ని ఉంచిన ద్వీపం అది. పడవ ఎక్కేముందు నవ్వుతూ ఉన్న మా కోడలు దిగాక చాలాసేపు మాట్లాడలేదు.

అక్కడి నుంచి గ్రాన్ ప్రే గంట ప్రయాణం. దారిలో విండ్సర్‌లో ఫోర్ట్ ఎడ్వర్డ్ ఉంది. 1750లో కట్టిన చెక్క బురుజు ఇంకా నిలబడే ఉంది. 1762 నాటి ఖైదీల జాబితాల్లో బోసొలెయ్ పేరు ఈ కోటలోనే కనిపిస్తుంది. చూడ్డానికి ఇరవై నిమిషాలు చాలు, కానీ వదిలేయొద్దు. గ్రాన్ ప్రే 2012 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. 1755 సెప్టెంబర్ 5న జాన్ విన్స్‌లో అనే బ్రిటిష్ కర్నల్ 418 మంది మగవాళ్లని, కుర్రాళ్లని అక్కడి చర్చిలోకి పిలిపించి బహిష్కరణ ఆజ్ఞ చదివించాడు. ఇప్పుడున్నది 1922లో కట్టిన స్మారక చర్చి. మ్యూజియం, తోట, గైడ్లు అన్నీ చక్కగా ఉన్నాయి. అయితే ఒకటి చెప్పాలి. మీ పూర్వీకులు ఈ ఊరివాళ్లు కాకపోతే ఇక్కడ బాధ దొరుకుతుంది, వాళ్ల జాడ దొరకదు. మాకు అదే జరిగింది. దగ్గర్లోని వుల్ఫ్‌విల్‌లో ఒక ఇంట్లో గది తీసుకున్నాం. ఆ ఇంటావిడ మా ఆవిడకి ఉల్లిపాయ, గుడ్డు లేని టిఫిన్ విడిగా చేసిపెట్టింది. ఆ మేలు మరిచిపోలేను.

నన్నడిగితే అన్నింట్లోకీ అన్నాపొలిస్ రాయలే మేలు. అప్పటి పోర్ట్ రాయల్ ఇదే. రెండు రాత్రులు ఉండండి. ఫోర్ట్ ఆన్ పక్క శ్మశానంలో 1720 నాటి ఇంగ్లిషువాళ్ల రాతి సమాధి ఉంది కానీ అకేడియన్లది ఒక్కటీ కనబడదు. వాళ్లు చెక్క శిలువలు పెట్టుకున్నారు, అవి మట్టిలో కలిసిపోయాయి. ఆ పచ్చిక మీద నడుస్తుంటే కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సాయంత్రం నది వెంట ఉప్పునేలలు చూశాం. మట్టి కరకట్ట వేసి, అడుగున చెక్క తూము పెట్టేవారు. దాని తలుపు ఆటుకి తెరుచుకుని వాననీటిని బయటికి వదులుతుంది, పోటుకి మూసుకుని సముద్రాన్ని ఆపుతుంది. దాన్ని అబ్వాటో అంటారు. రెండు మూడేళ్లు వానకీ మంచుకీ ఉప్పు కడిగాక గానీ పంట వేయలేరు. ఉప్పుటేరు పక్కన పెరిగిన నాకు ఆ కట్ట దగ్గర్నుంచి కదలాలనిపించలేదు. అంత కష్టపడి తీసుకొచ్చిన పొలంలోంచి మనిషిని లేవగొట్టడం ఎంత ఘోరం.

పక్క రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్‌లో ఉన్న మాంక్టన్ యూనివర్సిటీలోని అకేడియన్ అధ్యయన కేంద్రానికి ముందే రాసి వెళ్లండి. మిగతాచోట్ల విడివిడిగా దొరికిన జనగణనలు, చర్చి నకళ్లు, కుటుంబ ఫైళ్లు అక్కడ ఒక్కచోట ఉన్నాయి. మా తప్పు వంశవృక్షాన్ని సరిచేసుకున్నది అక్కడే. కాగితాలు ఎక్కువగా ఫ్రెంచిలో ఉంటాయి. మా కోడలికి ఫ్రెంచి రాదు. 1921లో లూసియానా రాజ్యాంగం బళ్లలో ఇంగ్లిషే ఉండాలంది. ఇంట్లో ఫ్రెంచి తప్ప తెలియని వాళ్ల అమ్మమ్మ బళ్లో దెబ్బలు తిని, తన పిల్లలకి ఆ భాష నేర్పలేదు. "అమ్మమ్మ ఉంటే ఇది చదివి వినిపించేది" అంటూ తను ఫోన్‌లో అనువాదం చూసుకుంది. ఆ మాటకి నా గొంతు పట్టేసింది.

చివరి మూడు రోజులు లూసియానాలో గడిపాం. లఫాయెట్‌లో వియ్యాలవారి ఇల్లు ఉంది కాబట్టి బస గురించి చెప్పడానికేం లేదు. సెయింట్ మార్టిన్‌విల్‌లో బాయూ టెష్ అనే నది ఒడ్డున ఓక్ చెట్టు దగ్గర జనం ఫొటోలు దిగుతుంటారు. మీరు మాత్రం పక్కనున్న అకేడియన్ మెమోరియల్‌లోకి వెళ్లండి. లూసియానాకి వచ్చిన దాదాపు మూడువేల మంది పేర్లు గోడ మీద చెక్కారు. ఆ పేర్ల మధ్య తన మనిషిని వెతుక్కుని మా కోడలు వేళ్లతో తడిమింది.

బోసొలెయ్ ఇక్కడ ఎనిమిది నెలలే బతికాడు. ఆ ఏడాది ఈ కొత్త ఊళ్లని జ్వరాలు ఊడ్చేశాయి. 1765 అక్టోబర్ 20న ఆయన్ని బోసొలెయ్ శిబిరంలో పాతిపెట్టినట్టు రికార్డు ఉంది. ఆ శిబిరం ఎక్కడో ఇంకా తేలలేదు. లోరోవిల్ చుట్టుపక్కల లఫాయెట్ యూనివర్సిటీవాళ్లు వెతుకుతున్నారు. చెరకు తోటల మధ్య బాయూ టెష్ ఒడ్డున మేం కారు ఆపి, వెంట తెచ్చిన పూలు నీళ్లలో వదిలాం.

ఇంకొకటి మిగిలింది. గ్రాన్ ప్రే చర్చి రిజిస్టర్లని, 1707 నుంచి 1748 వరకు ఉన్నవాటిని, వెళ్లగొట్టబడ్డ జనం తమతో మోసుకొచ్చారు. ఇల్లూ గొడ్డూ వదిలేసినవాళ్లు ఆ పుస్తకాల్ని వదల్లేదు. అవి ఇప్పుడు లూసియానాలోనే బేటన్ రూజ్ డయోసిస్ (కేథలిక్ బిషప్ పరిధి) ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బోసొలెయ్ భార్య ఆన్యెస్ వైపు చుట్టాలు అందులో ఉంటారని మా కోడలి నమ్మకం. డయోసిస్‌కి ఉత్తరం రాసింది, జవాబు కోసం చూస్తున్నాం.