లంబసింగిలో తెగిన తాడు, పాడేరు తోటలో నిలిచిన ఉయ్యాల

లంబసింగి చుట్టుపక్కల ఇప్పుడు ఏ మలుపు తిరిగినా టెంట్లే. ఈమధ్య టెంట్ల పక్కన రంగురంగుల హ్యామక్‌లు, అంటే రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఉయ్యాలలు, కూడా వేలాడదీసి ఫోటోలు పెడుతున్నారు. చలికాలంలో వెళ్లేవాళ్లం దుప్పట్లు ఎన్నిస్తారు, వేడినీళ్లు వస్తాయా అని అడుగుతాం. వాటికంటే ముందు ఆ ఉయ్యాల ఏ తాడుతో కట్టారో, దేనికి కట్టారో దగ్గరికెళ్లి చూడండి. మా బావ నడుం నొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అక్క, బావ, పదో తరగతి చదివే మేనల్లుడు, నేను కాకినాడ నుంచి కారులో బయల్దేరాం. తుని, నర్సీపట్నం, ఘాట్ రోడ్డు, తాజంగి రిజర్వాయరు, అన్నీ హాయిగా గడిచిపోయాయి. చీకటి పడేలోపు క్యాంపుకి చేరాం.

ఫోనులో మాట్లాడుకున్న రేటు ఇదీ: ఇద్దరు పట్టే టెంటు 1,200, మాకు రెండు. హ్యామక్ ఒక్కోటి 400, అవీ రెండు. చలిమంటకి 500. మొత్తం 3,700, అందులో 2,000 ముందే పంపించాం. భోజనం వేరు. హ్యామక్ కోసం ఎగబడింది మా మేనల్లుడే. దారి పొడుగునా "మావయ్యా, రాత్రంతా అందులోనే పడుకుంటా" అంటూనే ఉన్నాడు.

మేం టీ తాగేలోపు క్యాంపు మనిషి రెండూ కట్టేశాడు. మొదటిది రెండు సిల్వర్ ఓక్ చెట్ల మధ్య. రెండోదానికి ఒక వైపు చెట్టు, ఇంకో వైపు కంచె కోసం పాతిన సిమెంటు స్తంభం. నీలం ప్లాస్టిక్ తాడు, చిటికెన వేలి లావు కూడా లేదు. పైపోగులు లేచి, గోటితో గీరితే పొడి రాలుతోంది.

మా నాన్నగారు కాకినాడలో వలలకీ పడవలకీ తాళ్లు అమ్మే కొట్టు నడిపారు. నా చిన్నతనం అంతా తాడు చుట్టల మధ్యే గడిచింది. ఆ నీలం తాడు పాలీప్రొపిలీన్ రకం. చవక, నీళ్లలో తేలుతుంది, సామాను కట్టుకోవడానికి బాగానే పనికొస్తుంది. ఎండకి మాత్రం ఓర్వదు. నెలల తరబడి ఎండలో వదిలేస్తే పోగులు పెళుసెక్కి పుటుక్కుమంటాయి. అలాంటి తాడుకి మనిషిని వేలాడదీస్తున్నారు, పైగా 400 తీసుకుని.

అంతకంటే నన్ను భయపెట్టింది కట్టిన తీరు. నులకమంచంలా బల్లపరుపుగా ఉండాలని రెండు వైపులా శక్తికొద్దీ లాగి బిగించాడు. "తాడు వదులు చెయ్యి బాబూ, మధ్యలో బాగా కిందికి వంగాలి" అన్నాను. "ఏం కాదు సార్, వందమంది పడుకున్నారు" అన్నాడు. సిమెంటు స్తంభం వద్దు, ఇంకో చెట్టుకి కట్టమన్నాను. "అక్కణ్నుంచే సార్ వ్యూ బాగుంటుంది" అన్నాడు. ఈ మాటలు నడుస్తుండగానే బావ మొదటిదాంట్లోకి ఎక్కి కాళ్లు చాపాడు. ముడి దగ్గర తాడు తెగింది. వెల్లకిలా, నడుం నేలకి కొట్టుకునేలా పడ్డాడు. కింద రాయి లేదు కాబట్టి సరిపోయింది.

అక్క కేక విని పక్క టెంట్లవాళ్లు పరిగెత్తుకొచ్చారు. క్యాంపు మనిషి మాత్రం బావని చూడకుండా హ్యామక్ గుడ్డ చూసుకున్నాడు. "సారు బరువెక్కువండి" అన్నాడు. పొద్దున లెక్క తేల్చేటప్పుడు గుడ్డ చిరిగిందని 600 అదనంగా వేశాడు. నేను గొడవపడ్డాను, బావ "పోనీరా, వెళ్దాం" అన్నాడు. ఆ 600 కట్టి వచ్చాం. ఎక్స్‌రేలో ఎముక ఏమీ విరగలేదని తేలాక గానీ అక్క నోట మాట రాలేదు. ఆ 600 తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బావ బరువు 92 కిలోలు. బరువు తప్పేం కాదు, తాడు ఎంత భారం మొయ్యాలన్నది కట్టే కోణం మీద ఉంటుంది. తాడు నేలకి సమాంతరంగా ఉండే గీత నుంచి 30 డిగ్రీలు వాలితే, ఒక్కో వైపు తాడు మీద సరిగ్గా మనిషి బరువంత లాగుడు పడుతుంది, అంటే 92 కిలోలు. అదే 10 డిగ్రీలకి బిగిస్తే ఒక్కో వైపు 265 కిలోలు. 5 డిగ్రీలైతే 500 దాటిపోతుంది. ఇదంతా కదలకుండా పడుకుంటేనే, ధబాలున కూర్చుంటే ఇంకా ఎక్కువ. దండెం మీద తడి దుప్పటి ఆరేసి చూడండి, తీగ ఎంత బిగువుగా ఉంటే గుంజలు అంత లోపలికి వంగుతాయి. దీనికి తోడు, ముడి వేసిన చోట తాడు బలం దాదాపు సగానికి పడిపోవచ్చు.

సిమెంటు స్తంభం, ఇటుక దిమ్మె, పిట్టగోడ, వీటికి ఎప్పుడూ కట్టకండి. అవి పైనుంచి పడే బరువుని మోస్తాయి, పక్కకి లాగితే మొదలంటా ఒరిగి పడుకున్నవాళ్ల మీదే పడతాయి. 2020లో అమెరికాలోని ఓహాయోలో, ఇంటి దగ్గర హ్యామక్ కట్టిన ఇటుక స్తంభం కూలి ఇద్దరు అక్కచెల్లెళ్లు చనిపోయారు. ఇద్దరూ చిన్నపిల్లలే. మా మేనల్లుణ్ని ఆ రెండో హ్యామక్ దగ్గరికి కూడా వెళ్లనివ్వలేదు. వాడు ముఖం ముడుచుకుని టెంటులోనే పడుకున్నాడు.

తర్వాత పాడేరు దగ్గర వంజంగి కొండకి మేఘాలు చూడ్డానికి వెళ్లాం. అవి అందరూ చెప్పినంత అందంగానూ ఉన్నాయి, అందరూ చెప్పినంత జనంతోనూ ఉన్నాయి. బావ, అక్క కిందే కారులో ఆగిపోయారు.

పాడేరు దాటి హుకుంపేట వైపు వెళ్లే దారిలో ఒక కాఫీ తోటలో గదులు ఇస్తారని ఎవరో చెబితే వెళ్లాం. రాత్రి భోజనం, పొద్దున టిఫినుతో కలిపి మనిషికి 1,500. అక్కకి, బావకి గది తీసుకున్నాం. తోట చివర హ్యామక్ గుడ్డ ఒకటి ఆరేసి ఉండటం చూసి మా మేనల్లుడు నా వైపు చూశాడు. నేను నేరుగా తాడు చూపించమని అడిగాను. తోట చూసుకునే కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో, ఏమీ అనుకోలేదు. సంచి తెచ్చి నా ముందు పెట్టి "చూసుకోండన్నా" అన్నాడు.

అందులో ఉన్నవి: రెండు అంగుళాల వెడల్పున్న పాలిస్టర్ పట్టీలు ఒక జత, సన్నటి బూడిదరంగు తాళ్లు ఒక జత, రెండు క్యారబైనర్లు (తెరిచి మూసే లోహపు కొక్కేలు). ఆ సన్న తాడు డైనీమా, సన్నగా ఉన్నా చాలా బలమైన కృత్రిమ నార. దాంతో చేసిన సర్దుబాటు తాడునే ఊపీ స్లింగ్ అంటారు. తాడు లోపల బోలుగా ఉంటుంది. దాని కొసని దాని పొట్టలోంచే దూర్చి బయటికి తీస్తారు. బరువు లేనప్పుడు ఆ కొస లాగితే ఉచ్చు పొట్టిదవుతుంది, వెనక్కి తోస్తే పొడవవుతుంది. బరువు పడగానే బయటి అల్లిక బిగుసుకుని లోపలి తాడుని పట్టేస్తుంది. బరువు మోసే ముడి లేదు, బకిల్ లేదు. 2.8 మిల్లీమీటర్ల ఈ తాడు తెగే బలం సుమారు 700 కిలోలు. మనుషుల్ని మోసే తాడుని అందులో అయిదో వంతుకి మించి వాడకూడదని నాన్నగారు అనేవారు, అంటే 140 కిలోలు. 30 డిగ్రీల వాలులో బావ లాంటి మనిషికి నిక్షేపంగా సరిపోతుంది. 10 డిగ్రీలకి బిగిస్తే ఇంత మంచి తాడు కూడా ఆ హద్దు దాటేస్తుంది.

ఆ కుర్రాడు కట్టిన పద్ధతి చూస్తూ నిలబడిపోయాను. సిల్వర్ ఓక్ మీద మిరియం తీగ పాకించిన చెట్లని వదిలేశాడు, "తీగ నలిగితే పంట పోద్దన్నా" అన్నాడు. తొడంత లావున్న పచ్చి చెట్లు రెండు ఎంచుకున్నాడు, మధ్య దూరం నాలుగున్నర మీటర్లు ఉంటుంది. తల ఎత్తి పైన ఎండుకొమ్మలు ఉన్నాయేమో చూశాడు. సిల్వర్ ఓక్ కొమ్మలు పెళుసు, గాలికి విరిగి పడతాయి. పట్టీని బెరడు మీద మెలి లేకుండా పరిచి చుట్టాడు. డైనీమా తాడుని నేరుగా చెట్టుకి చుట్టకూడదు, సన్నగా ఉండి బెరడులోకి కోసుకుపోతుంది. పట్టీకి క్యారబైనర్, దానికి ఊపీ స్లింగ్ ఉచ్చు, దాని చివర హ్యామక్. చూపుడువేలు, బొటనవేలు ఎల్ ఆకారంలో చాపి, బొటనవేలిని నిటారుగా పెట్టి, రెండు వేళ్ల కొసలు కలిపే వాలుతో తాడు వాలుని పోల్చుకున్నాడు. అది దాదాపు 30 డిగ్రీలు. కాళ్ల వైపు ఒక జానెడు ఎత్తు ఎక్కువ పెట్టాడు, లేకపోతే నిద్రలో కిందికి జారిపోతామట.

కూర్చునే చోటు మోకాలి ఎత్తు దాటనివ్వలేదు. మా మేనల్లుడు ఇంకా పైకి కట్టమని బతిమాలాడు. "పడితే దెబ్బ తగలనంత ఎత్తులోనే కడతాను తమ్ముడూ" అన్నాడు, మరి మాట వినలేదు.

ఎక్కే ముందు పొట్టలో దూరిన తాడు పొడవు నాకు చూపించాడు, జానెడుకి తగ్గకూడదు. బయటి అల్లికని చేత్తో సాగదీసినట్టు నిమిరాడు. అది వదులుగా ముడతలు పడి ఉంటే మొదటి బరువుకే జారిపోతుంది. కొస పూర్తిగా లోపలికి జారిపోకుండా చివర అడ్డుముడి ఉందో లేదో చూశాడు. ముందు రెండు చేతులతో అదిమాడు, తర్వాత కాళ్లు నేల మీదే ఉంచి సగం కూర్చున్నాడు, ఆఖరికి పూర్తిగా పడుకుని లేచాడు. అప్పుడు గానీ మావాణ్ని ఎక్కనివ్వలేదు. అరగంటకి వచ్చి మళ్లీ చూసి, కొంచెం దిగిన వైపు ఒక్క లాగు లాగి సరిచేశాడు. మంచు నీళ్లు పట్టీ వెంట కారి గుడ్డలోకి రాకుండా తాడుకి చిన్న నూలుపోగు వేలాడగట్టాడు. చలిమంట మాత్రం బాగా దూరంగా వేశాడు. డైనీమా 150 డిగ్రీల లోపే కరిగిపోతుంది, నిప్పురవ్వ పడితే చాలు. దీనికంతటికీ అదనంగా తీసుకున్నది 300.

రాత్రి రాజ్మా కూర, బొంగులో చికెన్, వేడన్నం. ఈ కొండల్లో పండిన రాజ్మా వెన్నలా ఉడికింది. రెండు రోజులుగా సరిగ్గా తినని బావ మూడుసార్లు వడ్డించుకున్నాడు. అక్క ఆ వంటావిడ దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడింది. మావాడు హ్యామక్‌లోనే తెల్లవార్లూ నిద్రపోయాడు, వీపు కింద ఫోమ్ పరుపు ఉండబట్టే. ఎంత మంచి స్లీపింగ్ బ్యాగైనా వీపు కింద నలిగిన చోట వెచ్చదనం ఇవ్వదు, చలి కిందనుంచే వస్తుంది.

ఇంటికొచ్చాక మా సామాను మేమే కొనుక్కున్నాం: పట్టీల జత 850, ఊపీ స్లింగ్‌ల జత 1,400, క్యారబైనర్లు రెండూ 640. మీరు పిల్లలతో, ఎప్పుడో ఒకసారి వెళ్లేవాళ్లైతే ఊపీ స్లింగ్ దాకా పోనక్కర్లేదు, వరసగా ఉచ్చులు కుట్టిన డైసీ చెయిన్ పట్టీలు కొనండి. ఉచ్చుకీ ఉచ్చుకీ మధ్య ఉన్న దూరమే సర్దుబాటు, అంత నాజూగ్గా కుదరదు, బరువు కూడా ఎక్కువే. కానీ జారడానికి అందులో ఏమీ లేదు. పట్టీని బకిల్లో దూర్చి లాగే రకం నాకు నచ్చలేదు. తడిస్తే కొన్ని పట్టీలు మెల్లగా జారతాయి, బకిల్ దాటాక ఒక ముడి వేసి తీరాలి. ఊపీ స్లింగ్‌కి ఉన్న లోటల్లా ఒక హద్దు కంటే పొట్టిగా చెయ్యలేకపోవడం. దగ్గరదగ్గరగా చెట్లున్న కాఫీ తోటల్లో ఇది గుర్తుపెట్టుకోవాలి. పట్టీ నైలాన్‌ది వద్దు, తడిసి సాగుతుంది. అంగుళం కంటే సన్నవీ వద్దు. క్యారబైనర్ మీద దాని బలం చెప్పే కిలోన్యూటన్ల (kN) అంకె చెక్కి ఉండాలి. 12 అని ఉంటే దాదాపు 1,200 కిలోలు. తాళంచెవులకి వేసుకునే రంగు కొక్కేలు అచ్చం అలాగే కనిపిస్తాయి, వాటిని నమ్మి మనిషిని వేలాడదీయకండి.

ఆ తోటకి డిసెంబరు, జనవరి శనాదివారాలు ముందే నిండిపోతాయి. మామూలు రోజుల్లో వస్తే మనిషికి 1,200కే ఇస్తానన్నాడు ఆ కుర్రాడు. పాడేరులోనే పెట్రోలు నింపుకుని, చీకటి పడేలోపు చేరండి. చెట్లు వెలుతురులో చూసుకుని కట్టుకోవాలి.