నగదా, అప్పా, వాయిదాల విరామమా: కరోనా కాలపు సాయాల్లో చిన్న వ్యాపారికి ఏది మేలు?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన నాటికి నేను హైదరాబాద్‌లో కొందరు చిన్న వ్యాపారులకు పద్దులు రాసిపెడుతూ ఉండేవాణ్ణి. వారిలో ముగ్గురి లెక్కలు ఈ పోలికకు సరిపోతాయి. ఒకరు లాడ్ బజార్‌లో గాజుల ముల్గీ (దుకాణం) నడిపే చాచా. రెండోవాడు బాలానగర్‌లో రెండు లేత్ మిషన్లు, నలుగురు పనివాళ్లతో షెడ్డు నడిపే యువకుడు. మూడో మనిషి కూకట్‌పల్లిలో సాయంత్రం పూట మిర్చి బజ్జీల బండి పెట్టుకునే అక్క. ముగ్గురి గల్లా ఒకే రోజు మూతపడింది. ప్రభుత్వాల సాయం మాత్రం ముగ్గురికీ ఒకే విధంగా అందలేదు. దానికి కారణం ఎవరి పట్లనో పక్షపాతం కాదు. ప్రతి సాయం ఏదో ఒక కాగితాన్ని పట్టుకొని వచ్చింది, ఆ కాగితం ఉన్న ఇంటికే చేరింది.

ముందుగా నగదు, బియ్యం సంగతి చూద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్, మే నెలల్లో ఆహార భద్రత కార్డు (రేషన్ కార్డు) ఉన్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. కేంద్రం మహిళల జన్‌ధన్ ఖాతాల్లో ఏప్రిల్ నుంచి మూడు నెలల పాటు నెలకు 500 చొప్పున వేసింది. బజ్జీల అక్క ఇంట్లో నలుగురు కాబట్టి 48 కిలోల బియ్యం వచ్చాయి, రెండు ఖాతాల్లో కలిపి నెలకు 2,000 పడ్డాయి. ఆమె ఎక్కడా దరఖాస్తు పెట్టుకోలేదు, ఎవరి సంతకం కోసమూ తిరగలేదు. నేను చూసిన సాయాలన్నింటిలో ఇంత త్వరగా గడప దాకా వచ్చింది మరొకటి లేదు. అయితే ఆ డబ్బు ఉప్పూపప్పులకు సరిపోయింది గానీ గది అద్దెకు చాలలేదు. మార్చి నుంచి మూడు నెలల పాటు ఇంటి అద్దెల కోసం ఒత్తిడి చేయరాదని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి ఆమె ఇంటి యజమాని ఆగాడు. ఆగాడంటే వదులుకున్నాడని కాదు, బాకీ తర్వాత వాయిదాల్లో కట్టవలసిందే.

అదే నగదు లేత్ షెడ్డు పనివాళ్ల దగ్గర ఎంత పలచబడిందో కూడా చెప్పాలి. నలుగురిలో ఇద్దరు జార్ఖండ్ కుర్రాళ్లు. కార్డు లేని వలస కార్మికులకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు అన్నారు. గదిలో స్టవ్ మీద వండుకొని తినే మనిషిని 500 రూపాయలు ఎన్నాళ్లు ఈ ఊళ్లో నిలబెడతాయి? మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక్ రైలు బయలుదేరిందన్న వార్త వినగానే ఇద్దరూ పేర్లు రాయించుకోవడానికి పరుగెత్తారు. ఆ తర్వాత షెడ్డు తెరిచినా మిషన్ మీద చేయి తిరిగినవాళ్లు లేక యజమాని తానే నిలబడి పని చేయవలసి వచ్చింది. కడుపు నింపే సాయం వేరు, కొలువు నిలిపే సాయం వేరు అని నాకు అప్పుడే తెలిసింది.

పక్క రాష్ట్రం మరో దారి పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో సొంత ఆటో, ట్యాక్సీ నడుపుకునేవారికి అప్పట్లో ఏటా ఇచ్చే 10,000 రూపాయలను 2020లో గడువుకు ముందే, జూన్‌లోనే వేశారు. అదే నెలలో దర్జీలకు, రజకులకు, క్షౌరశాలలు నడిపే నాయీ బ్రాహ్మణులకు జగనన్న చేదోడు పేరుతో తలా 10,000 ఇచ్చారు. కత్తెర పట్టుకునే మనిషి దగ్గరికి కస్టమరు రావడానికే భయపడిన ఆ రోజుల్లో అప్పుగా ఇచ్చే పది వేలకన్నా ఊరికే ఇచ్చే పది వేలు నయమని వేరే చెప్పనక్కరలేదు. దాని లోపం మరోచోట ఉంది. వృత్తుల జాబితా రాసి ఇచ్చే సాయం ఆ జాబితాలో లేని వృత్తిని చూడదు. మా చాచా ఆ రాష్ట్రంలో ఉన్నా గాజులమ్మేవాడికి అందులో చోటు ఉండేది కాదు.

ఇక వాయిదాల విరామం, అందరి నోటా మారటోరియం. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు ప్రకటించిన ఈ వెసులుబాటు మొదట మే చివరి దాకా, తర్వాత ఆగస్టు 31 దాకా సాగింది. చాచా దీన్ని విని ఆరు నెలల కిస్తీలు మాఫీ అయ్యాయనే అనుకున్నారు, ఆయన ఒక్కరే కాదు, బజారులో సగం మంది అలాగే అనుకున్నారు. ఆయన పద్దు నా దగ్గర ఉంది కాబట్టి లెక్క వేసి చూపించాను. బాకీ 4 లక్షలు, వడ్డీ ఏడాదికి 12 శాతం, మిగిలిన కిస్తీలు 36, కిస్తీ 13,286 రూపాయలు. ఆరు నెలలు ఏమీ కట్టకపోతే బాకీ 4,24,608 అవుతుంది. ఆ పైన అదే కిస్తీ కడుతూ పోతే 36 కాస్తా 39 అవుతాయి. అంటే గల్లా ఖాళీగా ఉన్న నెలల్లో నెలకు 13,286 చేతిలో మిగిలే మాట నిజమే, దాని ఖరీదు మాత్రం చివర్లో మూడు కిస్తీలకు కాస్త తక్కువ.

వడ్డీ మీద వడ్డీ వేయడం అన్యాయమని వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2 కోట్ల లోపు అప్పులకు ఆ ఆరు నెలల చక్రవడ్డీకీ, బారువడ్డీకీ ఉన్న తేడాను తానే భరిస్తానని కేంద్రం అక్టోబరులో ఒప్పుకుంది. ఆ తర్వాత 2021 మార్చిలో వచ్చిన తీర్పు అన్ని అప్పులకూ వడ్డీ మీద వడ్డీ వద్దంది. పత్రికల్లో ఇది పెద్ద అక్షరాల వార్త. చాచా లెక్కలో బారువడ్డీ 24,000, వడ్డీ మీద వడ్డీ 608 రూపాయలు. ఆ 608 ఖాతాలో పడ్డప్పుడు ఏ పద్దు కింద రాస్తావని నవ్వుతూ అడిగారు, ఇతర ఆదాయం కింద రాశాను. వాయిదాల విరామం ఎవరికి మేలంటే, రెండు మూడు నెలల్లో అమ్మకాలు తిరిగి వస్తాయన్న ధీమా ఉన్నవారికి, అదీ విరామం ముగియక ముందే మళ్లీ కట్టడం మొదలుపెట్టగలిగినవారికి. చేతిలో డబ్బుండి కూడా ఆపినవారికి అది శుద్ధ నష్టం.

2020 మే 13న కేంద్రం ప్రకటించిన 3 లక్షల కోట్ల హామీ రుణం ఈ వరుసలో అన్నింటికన్నా పెద్దది, అన్నింటికన్నా ఎక్కువ ఆలోచించవలసినది కూడా. 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత బాకీ ఉందో అందులో 20 శాతం అదనంగా ఇచ్చారు. కొత్తగా తాకట్టు అడగలేదు, బ్యాంకుకు పూర్తి హామీ ప్రభుత్వానిది. గడువు నాలుగేళ్లు, మొదటి ఏడాది వడ్డీ మాత్రమే కట్టాల్సి ఉండేది, బ్యాంకులు 9.25 శాతానికి మించి వడ్డీ వేయరాదన్నారు. లేత్ షెడ్డు మీద మిషన్ల అప్పు 10 లక్షలు ఉంది కాబట్టి అతనికి 2 లక్షలు వచ్చాయి. మొదటి ఏడాది నెలకు సుమారు 1,540, తర్వాత మూడేళ్లు సుమారు 6,380. అతనికి ఇది సరిగ్గా సరిపోయింది. పెద్ద కంపెనీల నుంచి రావలసిన పాత బిల్లులు ఆగిపోయాయే గానీ ఆర్డర్లు పోలేదు. ఇనుము కొనడానికి, మిగిలిన ఇద్దరు పనివాళ్లకు శనివారం శనివారం కూలి ఇవ్వడానికి చేతిలో ఆడే డబ్బు కావాలి, అది దొరికింది.

చాచాకు ఇదే లెక్కన 80,000 రావాలి, వచ్చింది. ఆయన కష్టం వేరు. ఆ ఏడాది రంజాన్ ఏప్రిల్ చివర్లో మొదలై మే 25న పండుగ వచ్చింది. పండుగ కోసం తెచ్చిన గాజులన్నీ డబ్బాల్లోనే ఉన్నాయి. సరుకు నిండుగా ఉండి కొనేవాడు లేని దుకాణానికి ఇంకో అప్పు ఇస్తే అది సరుకుగా మారదు, ముల్గీ కిరాయిగానూ ఇంటి ఖర్చుగానూ కరిగిపోతుంది. అలాగే కరిగింది. మరుసటి ఏడాది పండుగకు రెండు రోజుల ముందు, 2021 మే 12న, తెలంగాణలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు, అది జూన్ 20న ఎత్తేశారు. ఉదయం 6 నుంచి 10 దాకా ఇచ్చిన తొలి సడలింపు వేళల్లో గాజులు కొనేదెవరు? ఆ రెండో పండుగ కూడా పోయాక జూలైలో ఆ 80,000 అసలు కిస్తీ మొదలైంది, నెలకు 2,550 చొప్పున.

అప్పు లేనివాడే అధిక సంపన్నుడని మనకో సామెత ఉంది. ఈ పథకం దాన్ని తలకిందులు చేసింది. మా వీధిలో సొంత డబ్బుతో కిరాణా నడుపుకుంటూ జన్మలో బ్యాంకు అప్పు ఎరగని ఒకాయన వచ్చి తనకెంత వస్తుందని అడిగితే, సున్నాలో 20 శాతం సున్నాయే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బండి పెట్టుకునేవారికి వచ్చిన పీఎం స్వనిధి అంతకన్నా చాలా చిన్నది, కానీ కొలత తీసి కుట్టినట్టు ఉంది. 2020 జూన్‌లో మొదలైన ఈ పథకం కింద 10,000 రూపాయలు ఏడాది గడువుకు ఇచ్చారు, సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ తిరిగి ఖాతాలో పడుతుంది. దీన్ని నగదు సాయంతో పోల్చడం కన్నా గిరిగిరి అప్పుతో పోల్చడం న్యాయం. బజ్జీల అక్క అంతకుముందు తీసుకునే గిరిగిరిలో 10,000కు రాయించుకొని చేతికి 9,000 ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకుంటారు. ఏడాదికి లెక్కగడితే వడ్డీ 80 శాతం దాకా తేలుతుంది. స్వనిధిలో కిస్తీ నెలకు తొమ్మిది వందలకు అటూ ఇటూ. ఆమె బండి మళ్లీ రోడ్డెక్కాక అప్పు చేతికి వచ్చింది కాబట్టి నూనె డబ్బా, శనగపిండి బస్తా కొనుక్కుంది, అదే డబ్బు ఏప్రిల్‌లో వచ్చి ఉంటే తిండికే పోయేది. అయితే ఆధార్‌కు జోడించిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయినది కావడంతో, అది మార్పించుకోవడానికే ఆమెకు రెండు వారాల సాయంత్రాలు పోయాయి.

పనివాళ్ల కొలువు నిలపడానికి మన దగ్గర వచ్చిన సాయం ప్రధానంగా పీఎఫ్ రూపంలో వచ్చింది. వంద మంది లోపు ఉద్యోగులుండి, వారిలో 90 శాతం మంది జీతం 15,000 లోపైతే 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఇరువైపుల 24 శాతం చందా కేంద్రమే కట్టింది. 20 మంది పనివాళ్లుంటే తప్ప పీఎఫ్ చట్టం వర్తించని దేశంలో ఈ సాయం నా ముగ్గురిలో ఎవరి గడపా తొక్కలేదు. మార్చి 29న కేంద్ర హోంశాఖ పూర్తి జీతాలు ఇవ్వాలని యజమానులను ఆదేశించింది, అందుకు పైసా ఇవ్వలేదు, మే నెలలో ఆ ఆదేశాన్నే వెనక్కి తీసుకుంది. బ్రిటన్‌లో పని ఆగిన ఉద్యోగుల జీతంలో 80 శాతాన్ని, నెలకు 2,500 పౌండ్ల దాకా, ప్రభుత్వమే భరించింది. అమెరికాలో చిన్న వ్యాపారాలకు ఇచ్చిన అప్పులో కనీసం 60 శాతం జీతాలకు ఖర్చు చేసి చూపితే అప్పు మొత్తం మాఫీ అయ్యే వీలుండేది. ఆ రెండో పద్ధతి వింటే నాకు ఆశగా ఉంటుంది గానీ, బాలానగర్ షెడ్డులో కూలి లెక్క ఉండేది నూనె మరకల నోటుపుస్తకంలో. దాన్ని ఏ బ్యాంకు రుజువుగా తీసుకుంటుంది?

కాబట్టి ఏది మేలని ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు ఎప్పుడు అని తిరిగి అడుగుతాను. దుకాణం మూసి ఉన్నంత కాలం నగదుకు సాటి ఏదీ లేదు, తెరిచిన మరునాడు అప్పు మేలు. తెరవక ముందే ఇచ్చిన అప్పు తిండిలో కలిసి తలమీద బాకీగా మిగులుతుంది. బజ్జీల అక్కకు ఈ రెండూ సరైన వరుసలో అందాయి. లేత్ షెడ్డుకు హామీ రుణం అక్కరకొచ్చింది, పనివాళ్ల జీతానికి రెండు నెలల తోడ్పాటు కూడా ఉండి ఉంటే ఆ ఇద్దరు కుర్రాళ్లు రైలెక్కేవారు కాదేమో. చాచాకు కావలసింది మూడు నెలల ముల్గీ కిరాయి నగదుగా, అది ఏ పథకంలోనూ లేదు. అద్దెల ఉత్తర్వు ఇళ్ల గురించే గానీ దుకాణాల గురించి కాదు. బియ్యానికి రేషన్ కార్డు పనికొచ్చినట్టే దుకాణాల నగదుకు జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్సు పనికొచ్చేది, పేరూ చిరునామా అన్నీ అందులోనే ఉన్నాయి. ఏటా రుసుము కట్టి తెచ్చుకునే ఆ కాగితం చాచా ముల్గీలో గాజుల అరల పైన ఫ్రేములో వేలాడుతూనే ఉంది. ఆ రెండేళ్లలో సాయం చేయడానికి దాన్ని చూపించమని అడిగినవారు లేరు.